గర్భిణి చుట్టూ ఉన్న ఊరు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, టేకుమట్ల)



కడుపులో ఉన్న బిడ్డ మెదడు ఎదిగే రోజుల్లో తల్లి తిండి, తల్లి పీల్చే గాలి, తల్లికి వచ్చే జ్వరాలు, తల్లి చుట్టూ చల్లే పురుగుమందులు ఆ బిడ్డ మీద ఏ మేరకు పనిచేస్తాయి? ఆటిజం రావడంలో వీటి పాత్ర ఎంత? ఈ ప్రశ్నల మీద గత ఇరవై ఏళ్ళలో ప్రపంచమంతా చాలా పరిశోధన జరిగింది. అందులో తేలినదేమిటో, తేలనిదేమిటో, ఈ ఊరికి దాంతో పనేమిటో చెప్పడం ఇవాళ నా బాధ్యత.

నేను చెప్పదలచిన మాట ఒక్కటే. బిడ్డ మెదడుకు హాని చేసేవాటిలో మనం మార్చగలిగినవి చాలావరకు గర్భిణి చేతుల్లో లేవు. ఇంటి మగవాళ్ళ చేతుల్లో, చేను యజమాని చేతుల్లో, పంచాయతీ చేతుల్లో, ప్రభుత్వం చేతుల్లో ఉన్నాయి. జాగ్రత్తలన్నీ ఆమెకు చెప్పి, బిడ్డకు ఏదైనా అయితే నింద కూడా ఆమె మీదే వేసే అలవాటు పోవాలి.

సుబ్బారావు గారు మనకిచ్చిన గోలీ

ఈ విషయాన్ని సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడటానికి గట్టి కారణం ఉంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఆయన యౌవనంలోనే సొంత అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుకు బలయ్యారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎముకల గూడైపోతాడు. ఆ రోజుల్లో దానికి నికరమైన మందు లేదు. 1920లలో ఆయన అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేరారు. వెళ్ళేనాటికి భార్య శేషగిరి గారు గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు. 1948లో అమెరికాలోనే పోయారు.

1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందయింది. బోదకాలు రాకుండా మన పల్లెల్లో పంచిన డీఈసీ గోలీ కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డం పడే అమైనోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే తయారుచేసింది. దాంతో 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు క్యాన్సర్ ఉన్న పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం ఇవ్వగలిగారు. అదే అమైనోప్టెరిన్ గర్భిణి ఒంట్లోకి పోతే పిండానికి తీవ్రమైన వైకల్యాలు వస్తాయని తరవాత బయటపడింది. వేగంగా పెరిగే కణానికి ఫోలిక్ ఆమ్లం ఎంత అవసరమో ఈ రెండు సంగతులూ కలిసి చెబుతాయి. కడుపులో బిడ్డ కంటే వేగంగా పెరిగేది ఏముంది?

సుబ్బారావు గారి కంటే ముందు లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒకరకం రక్తహీనత ప్రాణాంతకంగా ఉండేది. ఈస్ట్ సారం తినిపిస్తే అది తగ్గుతుందని 1931లో ఆమె ప్రకటించారు. ఆ సారంలో పనిచేసిన పదార్థం ఫోలిక్ ఆమ్లమేనని తరవాత తెలిసింది. అంటే ఈ విటమిన్ కథ మొదలైందే మన దేశపు కూలి తల్లుల రక్తంలో. ఇవాళ అంగన్‌వాడీలో, సబ్ సెంటర్లో ఇచ్చే గోలీ వెనక ఇంత చరిత్ర ఉంది.

ఆటిజం అంటే

పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరగడు. కళ్ళలోకి చూడడు. చందమామను వేలితో చూపించి “అదిగో” అన్నట్టు సైగ చేయడు. మాట ఆలస్యమవుతుంది, లేదా వచ్చిన మాట పోతుంది. ఆడుకునే బండిని నడపడం మాని దాని చక్రాన్నే గంటలకొద్దీ తిప్పుతూ కూర్చుంటాడు. మిక్సీ మోతకు, డప్పు చప్పుడుకు చెవులు మూసుకుంటాడు. ఈ లక్షణాలన్నీ అందరిలో ఉండవు, ఒకే తీరున ఉండవు. కొందరు చదువుకొని ఉద్యోగాలు చేస్తారు, కొందరికి జీవితాంతం తోడు కావాలి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో వైద్యలోకం దీన్ని గుర్తించడం మొదలుపెట్టింది.

ఆ తరవాత జరిగింది తల్లులకు జరిగిన పెద్ద అన్యాయం. తల్లి ప్రేమ చాలక బిడ్డ ఇలా ముడుచుకుపోయాడని పేరున్న వైద్యులే రాశారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. ఒక తరం తల్లులు ఆ నిందను మోశారు. అది పూర్తిగా తప్పని ఇవాళ ఏ సందేహమూ లేదు. మన పల్లెల్లో ఆ పుస్తకం ఎవరూ చదవలేదు గానీ, నింద మాత్రం వేరే పేర్లతో ఉంది. నా దగ్గరకు వచ్చే తల్లులు బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకొని మొదట అడిగేది వైద్యం గురించి కాదు. “నేనేం తప్పు చేసిన సార్? గ్రహణం నాడు బయటికి పోయిన, దానికేనా?” అని. పక్కన అత్త ఉంటుంది, భర్త ఉంటాడు. ఆ ప్రశ్న ఆమె నోటి నుంచి వచ్చినా, ఆమె చేత అడిగించింది ఇల్లూ వాడా. గ్రహణానికీ ఆటిజానికీ సంబంధం లేదు.

ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా పెద్దది. డెన్మార్క్, ఫిన్లాండ్, స్వీడన్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో 20 లక్షల మంది పిల్లల వివరాలు చూసిన 2019 నాటి అధ్యయనం, మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు 80 శాతానికి వంశపారంపర్యమే కారణమని లెక్కగట్టింది. ఆ జన్యువులు తల్లి నుంచి ఎంత వస్తాయో తండ్రి నుంచీ అంతే వస్తాయి. తండ్రి వయసు పెరిగిన కొద్దీ కూడా అవకాశం పెరుగుతుందని 2016లో అయిదు దేశాల్లో 57 లక్షల మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం చూపింది. మరి పరిసరాల మాటేమిటి? మిగిలిన కొద్ది భాగంలో అవి ఉన్నాయి, జన్యువులతో కలిసి కూడా పనిచేస్తాయి. ఆ భాగం చిన్నదే కావచ్చు. కానీ మన చెయ్యి అందేది అక్కడే.

ఇంకొక జాగ్రత్త. నేను ఇకముందు “ముప్పు పెరుగుతుంది” అన్నప్పుడల్లా “తప్పకుండా వస్తుంది” అని అర్థం చేసుకోవద్దు. నూటికి ఒకరికి వచ్చేది ఒకటిన్నర మందికి వచ్చిందనుకోండి, ముప్పు సగం పెరిగినట్టు. మిగిలిన 98 మందికి పైగా పిల్లలకు ఏమీ కాదు. మనుషుల్ని గమనించి చేసిన అధ్యయనాల్లో రెండు సంగతులు జతగా కనిపిస్తాయి. ఒకటి రెండోదానికి కారణమని చెప్పడానికి ఇంకా బలమైన సాక్ష్యం కావాలి.

నెల తప్పకముందే

పిండంలో వెన్నుపాముగా, మెదడుగా మారే గొట్టం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తెలియదు. ఆ గొట్టం సరిగా మూసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రయోగం నిరూపించింది. అంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లుల్లో, ఫోలిక్ ఆమ్లం వాడితే ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. ఇది సందేహం లేని సాక్ష్యం.

ఆటిజం విషయంలో సాక్ష్యం అంత గట్టిది కాదు గానీ, ఆశ కలిగించేది. నార్వేలో 85,176 మంది పిల్లల్ని గమనించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. గర్భానికి నాలుగు వారాల ముందు నుంచి ఎనిమిదో వారం దాకా ఫోలిక్ ఆమ్లం వాడిన తల్లుల పిల్లల్లో తీవ్రమైన ఆటిజం వెయ్యికి ఒకరిలో కనిపించింది. వాడని తల్లుల పిల్లల్లో వెయ్యికి ఇద్దరిలో కనిపించింది. చదువు, పొగ అలవాటు లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా వాడినవారిలో ముప్పు తక్కువగానే తేలింది. గర్భం నాలుగైదు నెలలు వచ్చాక మొదలుపెట్టిన వారిలో ఆ మేలు కనిపించలేదు.

రక్తహీనత సంగతీ ఇలాగే ఉంది. స్వీడన్‌లో 5 లక్షల 30 వేలకు పైగా పిల్లల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, 30 వారాల లోపే తల్లిలో రక్తహీనత బయటపడిన పిల్లలకు ఆటిజం, బుద్ధిమాంద్యం కొంత ఎక్కువగా ఉన్నాయి. నెలలు నిండే దశలో వచ్చిన రక్తహీనతకు ఆ సంబంధం కనిపించలేదు. స్వీడన్‌లో గర్భిణుల్లో రక్తహీనత చాలా తక్కువ. మన దగ్గర? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. 2022 డిసెంబరులో ప్రభుత్వం రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాల్ని ఎంచి గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆ తొమ్మిదింటిలో మన జయశంకర్ భూపాలపల్లి ఒకటి. ఖర్జూరం, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్, నులిపురుగుల గోలీ పెట్టిన ఆ కిట్టు మన జిల్లాకు దక్కిన గౌరవం కాదు. మన ఆడవాళ్ళ ఒంట్లో రక్తం లేదని రాష్ట్రం ఒప్పుకున్న పత్రం.

ఆ కిట్టు ఇచ్చినదీ నెల తప్పాకే, పేరు నమోదయ్యాకే. ఎర్ర గోలీ, అంటే ఐరన్, ఫోలిక్ ఆమ్లం కలిపినది, రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోమంటారు. అది మొదలయ్యేది నాలుగో నెలలో. బిడ్డ మెదడుకు పునాది పడేది మొదటి నెలలో. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పూడ్చడానికే ‘అనీమియా ముక్త్ భారత్’లో గర్భం దాల్చబోయే ఆడవాళ్ళకు, మొదటి మూడు నెలల గర్భిణులకు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇవ్వాలన్న నియమం పెట్టారు. ఆ గోలీ ఎంతమంది కొత్త కోడళ్ళ చేతికి చేరుతోంది? పెళ్ళి జరిగిన ఇంటికి కట్నకానుకల లెక్క తెలుసు, కోడలి రక్తం ఎంతుందో తెలియదు. ఎర్ర గోలీ వేసుకుంటే కడుపులో తిప్పుతుందనీ, విరేచనం నల్లగా వస్తుందనీ భయపడి చూరులో దాచిపెట్టేవారు ఉన్నారు. నల్లగా రావడం ఇనుము వల్లే, ప్రమాదం లేదు. అన్నం తిన్న గంటకు, నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వేసుకొని, ఆ పూట చాయ్ మానేస్తే గోలీ బాగా పనిచేస్తుంది. ఈ నాలుగు మాటలు కోడలికి కాదు, అత్తకూ భర్తకూ చెప్పాలి. వేసుకున్నావా అని అడగాల్సింది వాళ్ళు.

కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కూడా ముఖ్యం. మొదటి బిడ్డ పుట్టిన ఏడాదిలోపే మళ్ళీ గర్భం వస్తే రెండో బిడ్డకు ఆటిజం ముప్పు ఎక్కువని కాలిఫోర్నియా అధ్యయనం ఒకటి 2011లో చెప్పింది. తల్లి ఒంట్లో ఖర్చయిన నిల్వలు మళ్ళీ నిండకపోవడం ఒక కారణం కావచ్చు. “మగపిల్లాడు పుట్టేదాకా” అని వెంటవెంటనే కాన్పులు చేయించే ఇళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జ్వరం, షుగరు, మూర్ఛ

గర్భిణికి సోకే రుబెల్లా వల్ల బిడ్డకు చూపు, వినికిడి, గుండె దెబ్బతింటాయి. అమెరికాలో 1964 నాటి రుబెల్లా తాకిడి తరవాత పుట్టిన 243 మంది పిల్లల్ని పరీక్షించిన స్టెల్లా చెస్ అనే వైద్యురాలు వారిలో 18 మందికి ఆటిజం లేదా దాని ఛాయలు ఉన్నాయని 1971లో రాశారు. ఆ కాలానికి అది ఊహకందని సంఖ్య. ఆ ముప్పును తప్పించేది టీకా. 2017 నుంచి మన రాష్ట్రంలో పిల్లలకు మీజిల్స్–రుబెల్లా టీకా ఇస్తున్నారు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న పుకారు 1998లో ఒక తప్పుడు వ్యాసంతో పుట్టింది. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మంది పిల్లల్ని చూసిన 2019 అధ్యయనంలో టీకాకూ ఆటిజానికీ ఏ సంబంధమూ కనిపించలేదు. నిజానికి రుబెల్లా టీకా ఆటిజం కారణాల్లో ఒకదాన్ని తీసేస్తుంది.

గర్భిణికి పదే పదే వచ్చే తీవ్ర జ్వరాలు కూడా మంచివి కావు. దోమతెర, మలేరియా పరీక్ష, డెంగీ పరీక్ష గర్భిణికి ముందు అందాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చా అన్న అనుమానం ఈ మధ్య బాగా పెరిగింది. 2025 సెప్టెంబరులో పారాసిటమాల్‌కూ ఆటిజానికీ ముడిపెడుతూ అమెరికా అధ్యక్షుడు చేసిన ప్రకటన తరవాత ఈ భయం మన ఫోన్లలోకీ వచ్చింది. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల్ని చూసి 2024లో చేసిన అధ్యయనంలో, ఒకే తల్లి పిల్లల్ని పోల్చినప్పుడు పారాసిటమాల్‌కూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. నిక్కచ్చి సాక్ష్యం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. డాక్టరు చెప్పిన మోతాదులో, అవసరమైనన్ని రోజులు వేసుకోండి. జ్వరాన్ని భరిస్తూ కూర్చోవడమే ప్రమాదం.

గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగరు గురించి కాలిఫోర్నియాలో 3 లక్షల 22 వేల మంది పిల్లల మీద 2015లో వచ్చిన అధ్యయనం, 26 వారాల లోపు బయటపడిన షుగరుకు ఆటిజంతో సంబంధం చూపింది. అందుకే గ్లూకోజు నీళ్ళు తాగించి చేసే పరీక్ష మొదటిసారి వచ్చినప్పుడే ఒకసారి, ఆరో నెల ప్రాంతంలో మరోసారి చేయించుకోవాలి.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఉన్నది వాల్ప్రోయేట్ అనే మూర్ఛ మందు మీద. డెన్మార్క్‌లో మొత్తం పిల్లల్లో ఆటిజం సుమారు ఒకటిన్నర శాతం ఉంటే, గర్భంలో ఈ మందు తగిలిన పిల్లల్లో అది నాలుగున్నర శాతానికి దగ్గరగా ఉందని 2013లో తేలింది. మూర్ఛ ఉన్న ఆడపిల్లకు పెళ్ళి కుదిరిందంటే, గర్భం రాకముందే డాక్టరును కలిసి మందు మార్పించుకోవాలి. భయపడి తనంతట తాను మానేయకూడదు. మూర్ఛ తిరగబెడితే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం. జబ్బు సంగతి అత్తవారింట దాచిపెట్టి, మందు దొంగచాటుగా వేసుకోవాల్సిన పరిస్థితి ఉన్నంతకాలం ఈ సలహా పుస్తకంలోనే ఉంటుంది.

మద్యం, కల్లు విషయంలో ఒక్కమాట. ఆటిజంతో దాని సంబంధం తేలకపోయినా, మద్యం పిండం మెదడును దెబ్బతీస్తుందన్నది రుజువైన సత్యం. మత్తుమందులు కలిపిన కల్లు మరీ ప్రమాదం. కడుపుతో ఉన్న ఆడమనిషికి కల్లు బలమని పెద్దవాళ్ళెవరైనా అంటే, కాదని చెప్పండి.

ఒడిలో పత్తి

ఇక మన చేన్ల సంగతికి వస్తాను. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా టేకుమట్ల వరంగల్ జిల్లాలోది. వరంగల్ పత్తి ఎంత ప్రసిద్ధో, 1997–98లో పురుగు పట్టి, అప్పులపాలై, ఆ చేనుకు కొట్టే మందే తాగి చనిపోయిన రైతుల కథ అంత ప్రసిద్ధం. పత్తి, మిరప సాగులో పురుగుమందు లేని రోజు మనకు తెలియదు.

ఒక ఆడకూలీని దగ్గరగా చూడండి. అయిదో నెల. నడుముకు గుడ్డ కట్టి ఒడి చేసుకుంటుంది. ఏరిన పత్తినంతా ఆ ఒడిలో నింపుతుంది. గంటల తరబడి ఆ మూట ఆమె కడుపును ఆనుకొని ఉంటుంది. ఆ చేనుకు మందు కొట్టి ఎన్నాళ్ళయిందో ఆమెకు ఎవరూ చెప్పరు. సాయంత్రం ఇంటికి వస్తే, పొద్దంతా తైవాన్ పంపుతో మందు కొట్టిన భర్త బట్టలు ఉతికేది ఆమే. మందు కలిపిన డ్రమ్ము కడిగేది ఆమే. ధర వచ్చేదాకా పత్తి ఇంట్లోనే కుప్పపోస్తారు, ఆ కుప్ప పక్కనే ఆమె పడుకుంటుంది. చూరులో మందు డబ్బాలుంటాయి. ఇందులో ఆమె కోరి తెచ్చుకున్నది ఏదైనా ఉందా?

కాలిఫోర్నియాలో ఏ రైతు ఏ పొలంలో ఏ మందు ఎంత కొట్టాడో ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం 1990 నుంచి పూర్తిస్థాయిలో ఉంది. ఆ లెక్కల్ని, పిల్లల వివరాల్ని జతచేసి చూసిన 2014 అధ్యయనంలో, ఆర్గానోఫాస్ఫేట్ మందులు కొట్టే పొలాలకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు లోపల గర్భిణులుగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆటిజం ముప్పు 60 శాతం ఎక్కువ కనిపించింది. 2019లో అక్కడే 2,961 మంది ఆటిజం పిల్లల్ని చేర్చి చేసిన పెద్ద అధ్యయనంలో క్లోరోపైరిఫాస్, మలాథియాన్, గ్లైఫోసేట్ లాంటి వాటికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్నవారిలో ముప్పు 10 నుంచి 16 శాతం పెరిగినట్టు తేలింది. ఈ పేర్లు మన ఎరువుల దుకాణాల్లో కొత్తవేమీ కావు. అక్కడి తల్లులు పొలానికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఇంట్లో ఉన్నారు. మన తల్లులు చేను మధ్యలో ఉన్నారు.

మన దగ్గర ఆటిజం మీద ఇలాంటి అధ్యయనం జరగలేదు. కానీ పిల్లల ఎదుగుదల మీద ఒకటి జరిగింది. 2003లో ఆరు రాష్ట్రాల్లో పురుగుమందులు ఎక్కువ వాడే ప్రాంతాల పిల్లల్ని, తక్కువ వాడే ప్రాంతాల పిల్లల్ని పోల్చారు. మందులు ఎక్కువ వాడే ఆ ప్రాంతాల్లో మన వరంగల్ ఒకటి. బంతి పట్టుకోవడం, చూసింది గుర్తుపెట్టుకోవడం, బొమ్మ గీయడం లాంటి పరీక్షల్లో మందులు ఎక్కువ వాడే చోటి పిల్లలు మూడింట రెండు వంతులకు పైగా సందర్భాల్లో వెనకబడ్డారు. 2005లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆ నాలుగైదేళ్ళ పిల్లలు ఇవాళ తల్లిదండ్రుల వయసులో ఉన్నారు. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. దానికోసం కేరళలోని కాసరగోడు ప్రజలు ఏళ్ళ తరబడి పోరాడాల్సి వచ్చింది. ఒక మందు ఆగితే ఇంకొకటి వచ్చింది.

ఇది మారదని అనకండి. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావి అనే చిన్న పల్లె 2006లో రసాయన పురుగుమందులూ ఎరువులూ లేని ఊరిగా తనను తాను ప్రకటించుకుంది. ఒక్క రైతు మానేస్తే పక్క చేను గాలి ఆగదు. ఊరంతా మానేసింది గనకే అది నిలిచింది. ఆ ఊళ్ళో గర్భిణికి ఎవరూ జాగ్రత్తలు చెప్పనక్కర్లేదు, గాలే జాగ్రత్తగా ఉంది.

గాలి అంటే గుర్తొచ్చింది. గర్భం చివరి మూడు నెలల్లో సన్నని ధూళి ఎక్కువగా పీల్చిన తల్లుల పిల్లల్లో ఆటిజం ముప్పు పెరిగిందని అమెరికాలో నర్సుల మీద చేసిన 2015 అధ్యయనం చెప్పింది. మన జిల్లాలో బొగ్గు గనులున్నాయి, చెల్పూరులో 1,100 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది, ఇళ్ళల్లో ఇంకా కట్టెల పొయ్యిలున్నాయి. వీటివల్ల మన పిల్లలకు ఆటిజం వచ్చిందని నేను అనను. గాలిలో ధూళి ఎంతుందో కొలిచి, ఆ లెక్క ఊళ్ళకు చెప్పమని అడిగే హక్కు మనకుందని అంటాను. పొయ్యి పొగ ముందు గర్భిణి కూర్చోకుండా ఆ పూట వంట ఇంకొకరు చేయాలని అంటాను.

కాన్పు గడియ

మన దేశంలో పిల్లల నాడీ ఎదుగుదల లోపాల మీద అయిదు చోట్ల జరిపిన అధ్యయనం 2018లో వచ్చింది. హైదరాబాదు అందులో ఒకటి. రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక లోపం ఉందని తేలింది. వినికిడి లోపం, మూర్ఛ, ఆటిజం అన్నీ అందులోకి వస్తాయి. దీనికి తోడైన కారణాలేమిటి? ఆస్పత్రి బయట కాన్పు, పుట్టగానే ఏడవకపోవడం, తక్కువ బరువు, నెలలు నిండకపోవడం, పసితనంలో జబ్బులు, మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్లు, ఎత్తు పెరగకపోవడం.

పుట్టగానే బిడ్డ ఏడవాలంటే తల్లి సమయానికి ఆస్పత్రి చేరాలి. మన మండలంలోని గర్మిళ్ళపల్లి నుంచి అవతలి ఓడేడుకు మానేరు మీద 2016లో మొదలుపెట్టిన వంతెన పూర్తికాకముందే, 2024 ఏప్రిల్లో ఈదురుగాలికి దాని గడ్డర్లు కూలిపోయాయి. నొప్పులతో ఉన్న మనిషికి దారి చుట్టు తిరిగితే పోయేది సమయం ఒక్కటే కాదు, బిడ్డ మెదడుకు అందాల్సిన ప్రాణవాయువు. వంతెన కూడా గర్భిణి ఆరోగ్యంలో భాగమే.

పుట్టిన బిడ్డ మనవాడు

ఇవన్నీ సరిగ్గా చేసినా ఆటిజం ఉన్న పిల్లలు పుడతారు. ఆ బిడ్డ ఎవరి పాపానికీ శిక్ష కాదు. పద్దెనిమిది నెలలకు, రెండేళ్ళకు అంగన్‌వాడీలో ప్రతి బిడ్డనూ చూడాలి. పిలిస్తే తిరుగుతున్నాడా, వేలితో చూపుతున్నాడా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు. అనుమానం వస్తే “మగపిల్లలకు మాట ఆలస్యమే” అని ఏళ్ళు గడపకుండా పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే బృందానికి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి చూపించాలి. సికింద్రాబాదులో బుద్ధిమాంద్యుల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఒకటి, కాబట్టి వైకల్య సర్టిఫికెట్, దానితో వచ్చే సాయం ఆ బిడ్డ హక్కు. త్వరగా మొదలుపెట్టిన శిక్షణ మాటనూ, కలిసిమెలిసి ఉండటాన్నీ ఎంతో మెరుగుపరుస్తుంది. ఆటిజాన్ని పూర్తిగా మాయం చేస్తామని డబ్బు గుంజేవాళ్ళను నమ్మకండి.

చివరగా నా విన్నపాలు.

పంచాయతీ పెద్దలారా, మందు కొట్టే ముందురోజు ఊరికి చాటింపు వేయించండి. ఎవరు ఏ చేన్లో ఏ మందు ఎప్పుడు కొట్టారో ఒక రిజిస్టరు పెట్టండి. ఖాళీ డబ్బాలు ఇళ్ళల్లోకి రాకుండా చూడండి.

చేను యజమానులారా, మందు కొట్టిన చేన్లోకి కడుపుతో ఉన్న కూలీని పంపకండి. పంపకపోతే ఆమె కూలి పోతుంది కదా అంటారు. నిజమే. అందుకే మందు లేని పని చూపించండి, కూలి తగ్గించకండి. గర్భిణికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఆ కొన్ని నెలల కూలికి సరిపోయేటట్టు పెంచాలని మనమందరం కలిసి అడగాలి. కూలి ఇవ్వకుండా జాగ్రత్త చెప్పడం ఆకలితో ఉండమని చెప్పడమే.

ఆశా అక్కలారా, కొత్తగా పెళ్ళయిన ఇంటికి మొదటి నెలలోనే వెళ్ళండి, ఫోలిక్ ఆమ్లం గోలీ చేతిలో పెట్టండి. అది సుబ్బారావు గారు మన ఇంటికి పంపిన గోలీ.

మగవాళ్ళారా, మీ మందు బట్టలు మీరే ఉతుక్కోండి. డ్రమ్ము మీరే కడగండి. మొదటి పరీక్షకు భార్యతో కలిసి వెళ్ళండి.

అమ్మలారా, మీ బిడ్డకు ఆటిజం ఉంటే, మీరేం తప్పు చేశారని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పనక్కర్లేదు. మేం ఏం చేయగలమని అడిగినవాళ్ళకే మీ ఇంటి తలుపు తీయండి.